గాలపు వినోదము

విశాఖపట్టణపు తీరమున సెలవుదినములందు గాలము వేసి వినోదించుట దోషము కాదు. అయితే చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మరపడవల వేటను ప్రభుత్వమువారు నిషేధించుచున్నారు. అప్పుడు పడవలు రేవున నిలిచిపోవును. వానిపై బ్రదుకు జాలరులకు సంపాదన యుండదు. పొట్టకై వేటాడువాఁడు వల మడిచి కూర్చుండఁగా, ఉల్లాసమునకై వేటాడు మనము గాలము విసరుట న్యాయమా? చట్టము అడ్డకున్నను మనస్సాక్షి అడ్డవలదా?

పిల్లలను తీసికొన్నను తల్లిపక్షిని విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. ఆ కనికరము చేపకును చెల్లును. కావున విద్యార్థులారా, ఆ రెండు నెలలును గాలము చుట్టిపెట్టుఁడు. తక్కిన కాలమున వంజరపు పిల్ల చిక్కినను ప్రాణముతో నీటిలోనికి విడిచిపెట్టుఁడు. అది పెరిగినచో జాలరి యింటికి అన్నమగును.