గొల్లల సంఘములకు కాటా కావలయును

ఖిల్లా ఘణపురము కొండమీది కోటను, గణపసముద్రమును ఎఱుగని పాలమూరు వాసి యుండడు. కాకతీయుల సామంతుడైన గోన గణపారెడ్డి పేరు వానివలన నేటికిని నిలిచియున్నది. ఆ చెఱువు క్రింది వరిపొలములను గూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు. చుట్టునున్న మెట్టలలో మందలు మేపుకొని బ్రదుకు గొల్ల, కురుమలను గూర్చి వ్రాయువారు అరుదు. వారి సంఘములను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

భూస్వాములైన పాఠకులకు ఈ విషయము పరాయిది గాదు. వేరుశనగ పెఱికిన చేనిలో మూడు రాత్రులు మంద పెట్టించిన రైతునకు మఱుసటి పంటలో దాని ఫలము తెలియును. ఎత్తిపోతల పథకములచే కృష్ణాజలములు వనపర్తి సీమకు వచ్చిన పిదప బీళ్లు అనేకము మళ్లుగా మాఱినవి. నీరు వచ్చుట సంతోషమే. కాని మందకు బయలు తగ్గినది. ఇక మీదట జీవాలను కొంతవఱకైన కొట్టమున కట్టి మేపక తప్పదు.

శనివారమునాడు పెబ్బేరు సంతకు పోయి చూడుడు. బేరము తఱచు జతల లెక్క. దళారి పిల్ల వెన్నుమీద చేయి వేసి, తొడ నొక్కి చూచి, తువాలు క్రింద వ్రేళ్లు పట్టి ధర తేల్చును. బరువెంతయో పెంచినవానికి తెలియదు. కొన్నవాని చేతికి తెలియును. అదే మాంసము పట్టణపు అంగడిలో గ్రాములతో సహా తూచి అమ్మబడుచున్నది. మూడు మాసములు మేపి బరువు పెంచిన గొల్లకు ఆ పెరిగిన బరువునకు వెల రానిచో, వాడు మేపుట యెందులకు?

మేపుటయు సులభమైన పని గాదు. పాలు మఱచిన మగపిల్లలకు వేరుశనగ కట్టె, కందిపొట్టు, పచ్చిమేత వేసి, కొలత చొప్పున మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, తవుడు, లవణ మిశ్రమము కలిపి పెట్టవలయును. దినమునకు నూఱు గ్రాములే పెరిగినను మూడు మాసములలో తొమ్మిది కిలోలగును. అయితే దాణాను ఒక్కసారిగా హెచ్చించినచో చిటుకరోగము తగులును. రాత్రి బాగుగా నున్న పిల్ల తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండును. వానలకు ముందే టీకా వేయింపవలయును, వేళకు నట్టల మందు త్రాగింపవలయును. దాణా బస్తాల లెక్కను కొన్నవానికి ఒక ధర, లారీ లెక్కను కొన్నవానికి వేఱొక ధర. ఒంటరి గొల్ల ఇన్నిటిని ఎట్లు నెగ్గగలడు? సంఘము పుట్టవలసినది ఇచ్చటనే.

సంఘములు లేవా? గొఱ్ఱెల పెంపకందారుల ప్రాథమిక సహకార సంఘములు ఊరూరను గలవు. 2017 జూన్ మాసమున అప్పటి రాష్ట్ర ప్రభుత్వము వాని సభ్యులకు తలకొక్కంటికి ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకము నారంభించెను. వెల 1,25,000 రూపాయలు. అందు సభ్యుని వాటా 31,250, తక్కినది సబ్సిడీ. రాష్ట్రమున 2012 గణనలో 128 లక్షలున్న గొఱ్ఱెలు 2019 నాటికి 190 లక్షలై దేశమున ప్రథమ స్థానము పొందినవి. మేలేమియు జరుగలేదని మేము చెప్పము. కాని కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు నివేదిక 2024లో శాసనసభకు వచ్చినపుడు, గొఱ్ఱెలను తెచ్చినట్లు చూపిన వాహనముల నంబరులలో ద్విచక్రవాహనములవియు, ఆంబులెన్సులవియు గూడ నున్నట్లు బయటపడెను. ఆంబులెన్సులో ప్రయాణము చేయు భాగ్యము మన గొఱ్ఱెలకే పట్టినది! ఈ వ్యవహారమంతటిలో సంఘము పాత్ర యేమి? అది యొక పట్టిక. అందు పేరున్నవానికి వంతు. వంతు తీఱిన పిదప వానికి సంఘముతో పని లేదు.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి అమరిల్లోను కేంద్రముగా జేసికొని 1967లో పశువులను మేపువారి సంఘమొకటి వెలసినది. బావినీటితో జొన్న విరివిగా పండిన ఆ మెట్టసీమలో, నలుదిక్కుల పచ్చిక బయళ్లనుండి వచ్చు దూడలను దాణాతో బలిపించి అమ్మువారు దాని సభ్యులు. సభ్యుల అమ్మకపు ధరలను కూర్చి తిరిగి సభ్యులకే తెలుపుట, మేతలోను మందులలోను మెలకువలు నేర్పుట, చట్టములు చేయువారియెదుట తమ పక్షము వాదించుట దాని పనులు. ఆ దేశపు 1985 నాటి చట్టము ప్రకారము పశువు అమ్ముడైనపుడెల్ల తలకొక డాలరు పరిశోధనకు, ప్రచారమునకు వసూలగుచున్నది. అచటి పశువు వేఱు, మన జీవము వేఱు. వారి సిరి వేఱు. మనము గ్రహింపదగినది యొకటే: ఆ సొమ్ము పెంచువాని చేతినుండి వచ్చుచున్నది. ఇచ్చినవాడు లెక్క అడుగును.

అంత దూరము పోనక్కఱలేదు. ముల్కనూరు స్త్రీలు 2000 సంవత్సరమున పాల సంఘము స్థాపించుకొనిరి. ప్రభుత్వపు వాటాధనము లేకుండ సంఘములు తమ కాళ్లపై నిలుచుటకు వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వారికి ఆధారము. అచట పాలు కొలిచి, వెన్న శాతము చూచి వెల కట్టుదురు. పాలకు కొలత దొరకిన దేశమున పొట్టేలుకు దొరకకపోవుట యేల?

ఘణపురము చుట్టుపట్ల నొక సంఘపు సభ్యులు ఏడాదికి వేయిన్ని ఐదువందల పిల్లలను అమ్ముదురనుకొందము. తలకు ఇరువది రూపాయలు సంఘమునకు జమ చేసినచో ముప్పదివేలగును. మొదటి యేట దానితో జీవాలను తూచు కాటా యొకటి వచ్చును. మఱుసటి యేట దాణా కొనుగోలునకు మూలధనమగును. మంద పెట్టించుకొను రైతులు చేనికి ఇచ్చు కూలినుండి కొంత ఈ నిధికి చేర్చినను తప్పు లేదు. ఎరువు వారిదే గదా. రాబోవు వర్షాకాలమునకు ముందే సంఘపు పెద్దలు సభ్యులను పిలిచి, లెక్కపుస్తకము తెఱచి, ఈ సంగతి తేల్చెదరు గాక.