ఊరు విడిచిన ధైర్యము

ఇల్లు విడుచుట యెంత కష్టమో గృహస్థునకే తెలియును. పెండ్లికో తీర్థయాత్రకో నాలుగు దినములు పొరుగూరి కేగవలసినవాడు సైతము తలుపునకు తాళము వైచి, పది యడుగులు నడచి, మరల వెనుదిరిగి వచ్చి తాళమును లాగి చూచి, పొరుగువారికి అప్పగింతలు పెట్టి గాని కదలడు. అట్టి గృహస్థులు ఊరికి ఊరుగా, ఆలుబిడ్డలతో, ముసలిముతకతో తమ యిండ్లు విడిచి పొలిమేర దాటిపోయి, పదునొకండు మాసములు పాకలలో కాపురముండిరనిన నేటి యువకులు కట్టుకథ యనుకొందురేమో! ఇది కట్టుకథ కాదు. 1921 వ సంవత్సరమున చీరాల, పేరాల గ్రామములయందు జరిగిన యథార్థము. ధైర్యవంతుల చరిత్రలు చెప్పుకొనునపుడు మనము సేనానుల పేర్లను, నాయకుల పేర్లను స్మరింతుము. పేరు నిలువని యీ గృహస్థుల ధైర్యమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ రెండు గ్రామములును నాడు గుంటూరు మండలములోనివి. నేత నేయువారు, సేద్యము చేయువారు, చిన్న వర్తకములు సాగించువారు అందు వసించుచుండిరి. జనసంఖ్య పదునైదు వేలకు కొంచెము పైగా నుండెను. 1888 మొదలు చీరాల, పేరాలలును వానిని చేరియున్న పేటలును కలిసి యొక యూనియనుగా నుండి, ఏటికి సుమారు 4,000 రూపాయలు పన్నుగా చెల్లించుచుండెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట చెన్నపురి ప్రభుత్వమువారు చీరాల పేరాలలను పురపాలక సంఘముగా మార్చిరి. దానితో పన్నుల భారము సుమారు 40,000 రూపాయల కెగబ్రాకెను. ఊరివారి వరుమానము పదిరెట్లు కాలేదు. పన్ను మాత్రము పదిరెట్లయ్యెను. నూలు ధరకును బట్ట ధరకును నడుమ మిగులు నాలుగు డబ్బులతో సంసారము నీడ్చు నేతగానికి ఈ లెక్క యెట్లు కుదురును?

పురపాలక సంఘము వచ్చినచో వీథులు బాగుపడును, దీపములు వెలుగును, మురుగు తొలగును గదా, దాని నేల వలదనవలెనని యెవరైన నడుగవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పారిశుద్ధ్యము అక్కరలేని ఊరు లేదు. పన్ను లేక పారిశుద్ధ్యము లేదు. కాని పన్ను విధించుటకు ముందు ఇచ్చుకొనువాని శక్తిని విచారింపవలెను. వాని సమ్మతిని అడుగవలెను. ఇచట రెండును జరుగలేదు. మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణముల వలన స్థానిక స్వపరిపాలన శాఖ దేశీయ మంత్రుల చేతికి వచ్చిన కాలమది. స్వపరిపాలనమను పేరిటనే, ఊరివారు వలదు వలదనుచుండగా, వారి నెత్తిపై సంఘము నిలుపబడెను. ఊరివారు మహజరులు పంపుకొనిరి; ఫలము లేకపోయెను. సంఘ సభ్యులు తమ పదవులకు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వమువారు జీతపు టధికారిని పెట్టి సంఘమును నడిపించిరి. పన్ను కట్టనివారిపై అభియోగములు తెచ్చిరి. కొందరు చెరసాల కేగిరి. వారిలో నొక స్త్రీయు నుండెను.

ఈ పోరాటమునకు నాయకులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొంది వచ్చి జాతీయోద్యమమున దిగిన వాగ్మి. ఆంధ్రరత్నమని ప్రజలు పిలుచుకొనినవారు. రామదండు అను సేవాదళమును కూర్చి, ప్రజలను శాంతి తప్పకుండ నడిపించిరి. 1921 మార్చి కడపట, ఏప్రిలు మొదట బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు చీరాల సంగతి గాంధీ మహాత్ముని యెదుట పెట్టబడెను. ఆయన ఏప్రిలు నెలలోనే చీరాలకు వచ్చి, ప్రజలకు రెండు త్రోవలు చూపిరి. హింసకు లోనుగాక పన్ను నిరాకరించి, వచ్చిన శిక్ష ననుభవించుట యొకటి. సంఘపు టెల్లలు విడిచి వెలుపలికి పోవుట రెండవది. ఏది చేసినను తమ బలముపైననే చేయవలెను గాని కాంగ్రెసు సహాయము నమ్ముకొనరాదనియు హెచ్చరించిరి. ప్రజలు రెండవ త్రోవ నెన్నుకొనిరి. మనుష్యులు లేనిచోట పురపాలక సంఘ మెవరిని పాలించును?

ఏప్రిలు నెల ముగియుచుండగా, పదుమూడు వేలకు పైగా జనులు ఎల్లలు దాటి, వెలుపలి బయళ్లలో పాకలు వేసికొని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. ఎండలు ముదురు కాలమది. వేసవి పోయి వానలు వచ్చెను. వానలు పోయి చలి వచ్చెను. సముద్రతీరమున పాకలో వానకాలము గడుపుట యెట్టిదో తీరవాసులకు వేరుగ చెప్పవలెనా? గుంటమగ్గము నేలలో పాతుకొనియుండునది. దానిని పెట్టెవలె నెత్తుకొని పోరాదు. మగ్గ మాగిన దినమున నేతగాని కూలి యాగును. అంగడి మూసిన దినమున వర్తకుని బేర మాగును. పురిటిదినము వచ్చిన స్త్రీకి, మంచము పట్టిన వృద్ధునకు ఉద్యమము కొరకు కాలము నిలువదు గదా! ఇవి యన్నియు ఆ పదునొకండు మాసములలో ఏ యింటి కా యిల్లు భరింపవలసిన బరువులు.

ధైర్యము రెండు విధములుగా నుండునని మాకు తోచుచున్నది. ఆ కాలముననే పల్నాటిలో పుల్లరి పన్నును ధిక్కరించిన కన్నెగంటి హనుమంతు 1922 లో తుపాకి గుండ్లకు ప్రాణము లొడ్డెను. ఆయన కూడ రైతే. మృత్యువు నెదుట నిలిచి వెనుదీయని యా ధైర్యమునకు దేశము చేతులెత్తి మ్రొక్కవలసినదే. రామనగరవాసుల ధైర్యము వేరొక జాతిది. వారి నెవరును బంధించి యుంచలేదు. వారి యిండ్లకు తాళములు వేసినది వారే. తాళపుచెవులు వారి మొలలలోనే యుండెను. పన్ను కట్టినచో ఆ సాయంకాలమే తమ వాకిట దీపము పెట్టుకొనవచ్చును. తమ యిండ్లు వారికి దూరమున లేవు. నడచిపోదగిన దూరముననే యుండెను. వాన కురిసిన రాత్రి, బిడ్డకు జ్వరము తగిలిన రాత్రి, ఆ యిల్లు రమ్మని పిలిచియుండదా? కాన వారి ధైర్యము ఒకనాడు పూని యూరకుండదగినది గాదు. ప్రతి యుదయమును మరల పూనవలసినది. ఒక్క క్షణమున ప్రాణము నిచ్చుట గొప్పది. ఇచ్చిన మాటను మూడు వందల దినములు సంసారముతో కూడ మోయుట అంతకు తక్కువైనది కాదు.

మరి తుద కేమయ్యెను? సత్యమును దాచుట మా మతము గాదు. 1921 అక్టోబరులో గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించి ఏడాది శిక్ష విధించిరి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దురంతమునకు పిమ్మట గాంధీ మహాత్ముడు శాసనోల్లంఘనమును నిలిపివేసిరి. నాయకుడు చెరలో, దేశోద్యమము విరామములో నుండగా, చేతిలోని సొమ్ము హరించుకొనిపోయినవారు క్రమముగా ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము తొలగలేదు. నేడును చీరాలకు పురపాలక సంఘము కలదు. గోపాలకృష్ణయ్యగారు 1928 లో, నలుబది యేండ్లైన నిండకుండ, క్షయవ్యాధికి లోనై గతించిరి.

ఓడినవారి కథ చెప్పుకొననేల యని లోకజ్ఞు లడుగుదురు. గెలుపునుబట్టియే ధైర్యమును తూచినచో లోకమున గెలిచినవారందరును ధీరులు, ఓడినవారందరును పిరికివారు కావలసివచ్చును. అట్లు కాదని మన ఇంటి పెద్దలు పురాణము విప్పిన ప్రతిసారియు చెప్పుచునే యున్నారు. పాలకుని యాజ్ఞకు పాలితుని సమ్మతి కావలెనను మాటను సభలలో పలుకుట సులభము. దానిని ఎండలో, వానలో, పాక చూరు క్రింద కూర్చుండి చెప్పినవారు చీరాల పేరాలల వారు. వారు వెనుకకు మరలినది పదునొకండు మాసములైన పిమ్మట. ఆ మాసములను వారి లెక్కనుండి తీసివేయుట కెవరికిని అధికారము లేదు.

అయినను వారి పేర్లేవి? నాయకుని పేర వీథులు, విగ్రహములు వెలయుట న్యాయమే. కాని నాయకుడు పొమ్మనిన, పోయినవారు పదుమూడు వేలు. వారిలో మనకు తెలిసిన పేర్లు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నూరు సంవత్సరములు గడచినవి. పాకలో పండుకొనినవారు లేరు. వారి మనుమలు, మునిమనుమలు కలరు. చీరాలలోను, ఇతర పట్టణములలోను వారు నేడు వర్తకులుగా, ఉద్యోగులుగా, భూస్వాములుగా నుండవచ్చును. "మా తాత గొప్ప పని యేమియు చేయలేదు, ఊరివారితో పాటు తానును పోయెను, అంతే" యని వారిలో నెవరైన చెప్పిన, ఆ మాట యొద్దనే ఆగి ఆలోచింపవలెను. ఊరివారితో పాటు తానును పోవుటయే ఆ గొప్ప పని. ప్రతివాడును తనవంతు పోయినందుననే అది ఊరి పని యయ్యెను.

కావున మా మనవి యొక్కటి. పెట్టె యడుగున పన్ను తాఖీదో, పాత జాబో, అవ్వ చెప్పిన ముచ్చటయో గలవారు దానిని చెదలకు విడువక వ్రాసి యుంచవలెను. చీరాల పురపాలక సంఘమువారే ఈ పేర్లు సేకరించి పట్టిక కట్టించుట మిక్కిలి యుచితము. ఏ సంఘమును వలదని ఆ ప్రజలు ఇండ్లు విడిచిరో, ఆ సంఘము నేడు ప్రజలదే. తన్ను వలదనినవారి పేర్లను తానే గౌరవముతో వ్రాసికొనిన నాడు, వారు కోరిన స్వపరిపాలనము ఆ యూర నిజముగా నెలకొనినదని చెప్పవచ్చును.