పాట నుండి మాటకు

గాయకులు పాటకు దూరమై టెలివిజన్ వ్యాఖ్యాతలైనప్పుడు, వారు ఉన్నత స్థానం నుండి జారిపోయినట్లు భావించేవారు పలువురు కలరు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. ఇంగ్లండు గాయని సిల్లా బ్లాక్ జీవితం ఇందుకు నిదర్శనం.

ఆమె 1943లో లివర్‌పూల్ నగరంలో ఒక రేవు కార్మికుని ఇంట జన్మించారు. అసలు పేరు ప్రిసిల్లా వైట్. ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తూ, కావెర్న్ క్లబ్బుకు వచ్చేవారి కోట్లు భద్రపరుస్తూ, స్థానిక వాద్యబృందాలు పిలిచినప్పుడు వేదికనెక్కి పాడేవారు. బీటిల్స్ బృందపు మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ ఆమెను చేరదీయగా, 1964 ఒక్క సంవత్సరంలోనే ఆమె పాటలు రెండు బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందాయి. 1968లో బి.బి.సి. ఆమె పేరిటనే ఒక కార్యక్రమం ప్రారంభించింది. 1984లో ‘సర్‌ప్రైజ్ సర్‌ప్రైజ్’, మరుసటి ఏడు ‘బ్లైండ్ డేట్’ ఐ.టి.వి.లో ఆరంభమయ్యాయి. రెండవది 2003 వరకు ఆమె నిర్వహణలోనే సాగింది.

ఇందువల్ల పాటకు నష్టం కలుగలేదా అని అడుగవచ్చును. కలిగిన మాట నిజమే. 1971 తర్వాత ఆమె కొత్త పాట ఏదీ మొదటి పది స్థానాలలోనికి రాలేదు. తెర చాటున ఉన్న అపరిచితులలో ఒకరిని జతగా ఎన్నుకొనే ‘బ్లైండ్ డేట్’ పద్ధతి మన అభిరుచికి సరిపడకపోవచ్చును కూడ. కాని ఆమె చేసిన పనిని గమనించవలె. జీవితంలో మొదటిసారి కెమెరా ముందు నిలిచిన సామాన్యుని బెరుకు పోగొట్టడం, అతనిచేత మాట్లాడించడం, తాను ఒకింత పక్కకు తొలగడం తేలిక విద్య కాదు. ఇంతటి ఖ్యాతి వచ్చినా ఆమె తన లివర్‌పూల్ యాసను విడువలేదు. 2015లో ఆమె మరణించిన కొద్ది రోజులకే ఆమె పాటల సంకలనం ఒకటి బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరింది. మూడు దశాబ్దాలకు పైగా టెలివిజన్‌లో చూచిన ప్రజలు ఆమెలోని గాయనిని మరువలేదన్నమాట.

ఈ విద్య మనకు కొత్త కాదు. ముషాయిరాలో నాజిమ్‌కు గల గౌరవం మన ఉర్దూ విద్యార్థులెరిగినదే. అవధాన సభలో సంచాలకుడు లేనిదే పృచ్ఛకుల ప్రశ్నలు క్రమంగా నడువవు. అయినను మన వార్షికోత్సవంలో పాటకు, నాటకానికి, వక్తృత్వానికి బహుమతులున్నవి గాని, సాయంకాలమంతా నిలబడి రెండు భాషలలో సభను నడిపించే విద్యార్థికి ఏమియు లేదు.

వరుసగా రెండేండ్లు పాటలో బహుమతి పొందిన మన విద్యార్థిని ఒకతె గత వార్షికోత్సవంలో సభానిర్వహణకు పూనుకొనగా, “గొంతు పోయిందా?” అని తోటివారు హాస్యమాడారు. ఆ రాత్రి కరెంటు పోయిన అరగంట సేపు, మైకు లేకుండానే, ఉర్దూలోను తెలుగులోను మాట్లాడి సభ చెదరకుండ నిలిపినది ఆమెయే. ఆనాడు కప్పులు, పతకాలు అందుకొన్న వారి పేర్లన్నీ ఆమె నోటనే వినిపించాయి. ఆమె పేరు మాత్రం ఎవరూ చదువలేదు.

రాబోయే వార్షికోత్సవం నుండి సభానిర్వహణకు తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి బహుమతి ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము. విద్యార్థులకు మా మనవి ఒక్కటే. పాడగలవారు పాడండి. పాట నుండి మాటకు మరలిన వారిని మాత్రం ఓడినవారిగా ఎంచకండి.