ఉప్పు అదే... పులుసు చప్పన!

చెల్లెళ్లూ,

పులుసు మరుగుతుండగా చుట్టాలొస్తే ఏం చేస్తాం? రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం. ఉప్పు మాత్రం ముందు వేసిందే. రుచి చూస్తే చప్పగా ఉంటుంది కదూ! కడుపుతో ఉన్న అమ్మాయి ఒంట్లో మందు సంగతీ ఇంచుమించు ఇంతేనండి.

మా అన్నయ్య కూతురికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. లామోట్రిజిన్ బిళ్లలు వేసుకుంటూ నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా ఉంది. అత్తవారిల్లు అమలాపురం. ఆరో నెలలో ఒక తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి పడిపోయింది. "బిడ్డకేమవుతుందోనని మందు మానేసి ఉంటుంది" అన్నారు వాళ్ల అత్తగారు. అబద్ధం ఎందుకు, నేనూ అలాగే అనుకున్నాను. "లేదత్తయ్యా, ఒక్క పూట కూడా మానలేదు" అని ఏడిచింది పిల్ల. బిళ్లల అట్టలు తీసి లెక్కపెట్టాం. ఒక్కటీ తేడా రాలేదు!

రక్తపరీక్ష చేయిస్తే మందు బాగా తగ్గిపోయి ఉంది. డాక్టరుగారు విడమరిచి చెప్పారు. గర్భిణికి రక్తంలోని నీటి భాగం నెలలు నిండేసరికి 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుందట. మూత్రపిండాలు వడకట్టే వేగం కూడా సగం మేర పెరుగుతుంది కాబట్టి కొన్ని మందులు మూత్రంలో త్వరగా పోతాయి. ఇక మా పిల్ల వేసుకునే మందును, గర్భంతో పెరిగే ఈస్ట్రోజన్ వల్ల, కాలేయమే చకచకా వదిలించేస్తుంది. కొందరిలో ఆ వేగం రెట్టింపుకు మించుతుంది. బిళ్ల అదే, ఒళ్లు మారింది!

మోతాదు పెంచాక మళ్లీ ఫిట్స్ రాలేదు. పండంటి ఆడపిల్ల పుట్టింది. అయితే పురుడయ్యాక రెండు మూడు వారాల్లో ఒళ్లు పాత తీరుకు వస్తుంది. అప్పుడు మోతాదు తగ్గించకపోతే కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనపడడం వస్తాయి. పురిటి హడావుడిలో ఈ సంగతి మరవకండి.

థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లకూ గర్భంలో మోతాదు పెంచాల్సి వస్తుంది, తరచు పాతికనుంచి యాభై శాతం దాకా. మొదటి నెలల్లో బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం. అందుకే నెల తప్పిందని తెలియగానే పరీక్ష చేయించుకోవాలి.

కాఫీ దగ్గర కథ తిరగబడుతుంది. మామూలుగా ఒంట్లో కెఫీన్ సగమవడానికి 5 గంటలు పడితే, చివరి నెలల్లో 15 గంటల దాకా పట్టవచ్చు. సాయంత్రం కాఫీ తాగి "నిద్ర పట్టడం లేదమ్మా" అంటే అదీ కారణం కావచ్చు.

గర్భిణులకిచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ బిళ్ల మాత్రం మానకండి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! అయితే ఐరన్, కాల్షియం బిళ్లలకూ థైరాయిడ్ బిళ్లకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇదంతా చదివి మీ అంతట మీరు మోతాదు పెంచకండి, తగ్గించకండి. ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మందులు బిడ్డకు చేటు చేస్తాయి. అలాంటివాటిని గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. ఉన్నపళంగా ఆపేస్తే తల్లికీ బిడ్డకీ కూడా ముప్పే.

బారసాలనాడు మా వియ్యపురాలు కోడలి చెయ్యి పట్టుకుని "ఊరికే నిన్ను అన్నానమ్మా" అన్నారు. నేనూ అన్నాను. మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే, మందు మానేసిందని అనేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి, ఏం?