అమ్మ చేతి మహిమ అనే అబద్ధం

తెలుగులో వంట జ్ఞాపకాల వ్యాసానికి ఒక స్థిరమైన అచ్చు ఏర్పడింది. పెంకుటిల్లు, కట్టెల పొయ్యి, పొగకు చెమర్చిన కళ్ళు, ఇత్తడి గిన్నె, చుట్టూ చేరిన పిల్లలు, వేడి అన్నంలో కరిగే నెయ్యి. చివర తప్పనిసరిగా ఒక వాక్యం: “అది అమ్మ చేతి మహిమ, ఇప్పుడెవరు చేసినా ఆ రుచి రాదు.” పాఠకుడు నిట్టూరుస్తాడు, సంపాదకుడు మెచ్చుకుంటాడు, వ్యాసం ఏదో ఒక సంకలనంలో చేరుతుంది. కాని అంత వ్యాసంలోనూ ఆ గోంగూర పచ్చడి ఎలా చేశారో ఒక్క ముక్క ఉండదు. ఆకు ఎర్రకాడదా, తెల్లకాడదా, మెంతులు వేశారా లేదా, రోట్లో ముందు నూరింది మిరపకాయలనా, ఆకునా అన్నది రచయితకు తెలియదు. తెలుసుకోవాలని అతనికి ఏనాడూ అనిపించలేదు.

ఈ ‘మహిమ’ పొగడ్తలా వినిపిస్తుంది. నిజానికి అది చెరిపివేత. ఒక విద్వాంసుడి గానాన్ని గొంతు మహిమ అని తేల్చి ఊరుకునే విమర్శకుణ్ణి ఎవరూ గౌరవించరు. సాధన ఏమిటి, బాణీ ఎవరిది అని అడుగుతారు. శస్త్రవైద్యుణ్ణి రోగులు హస్తవాసి గలవాడని అనవచ్చు. కాని వైద్య కళాశాలలో హస్తవాసి అనే పాఠం లేదు. కోత ఎక్కడ పెట్టాలో, ఎంత లోతుకు పోవాలో, ఎప్పుడు ఆగాలో అక్కడ నేర్పుతారు. ఇంటి వంట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదువుకున్నవారు కూడా మంత్రాల మాట మాట్లాడతారు. చేతిలో ఉన్నది మహిమ అయితే దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు, రాసిపెట్టనక్కర్లేదు. ఆ మనిషితో అది పోయినా ఎవరి తప్పూ కాదు.

పోయేది ఏమిటో ఆ గోంగూరలోనే చూడవచ్చు. ఆకును కడిగి, గుడ్డ మీద పరిచి, తడి ఆరేదాకా ఆగాలి. నీరు చేర్చకుండా నూనెలో మగ్గించాలి. ఎర్రకాడ ఆకు పులుపు ఎక్కువ కనుక దానికి తగ్గట్టు మిరపకాయలు పెంచాలి. మెంతులు ఎర్రబడగానే దించాలి. నల్లబడితే పచ్చడంతా చేదు. ఇది నాలుగు వాక్యాల జ్ఞానం. దీని వెనుక ఎన్ని పచ్చళ్ళు పాడయ్యాయో, ఎన్నిసార్లు ఎవరు చీవాట్లు పెట్టారో అదంతా ఆ నాలుగు వాక్యాలలో ఇంకి ఉంది. ఆవకాయ కూడా అంతే. ముక్కను పొడిగుడ్డతో తుడవడం, జాడీలో తడి లేకుండా చూడటం, మూడోనాడు తిరగకలిపి ఉప్పు సరిచూడటం ఆచారం కోసం పెట్టినవి కావు. ఉప్పు, పులుపు, పైన తేలే నూనె కలిసి పచ్చడిని చెడనివ్వవు. తడి చేరితే ఆ రక్షణ సడలుతుంది. ఈ సంగతిని సూక్ష్మజీవశాస్త్రం పేరు తెలియని స్త్రీలు ఏటేటా పరీక్షించి తేల్చుకున్నారు.

ఇంటి వంటలో కొలతలు ఉండవనీ, ‘తగినంత’ అనే మాటతో సరిపెడతారనీ విద్యావంతులు నవ్వుతారు. నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం కొలతలు కావా? నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అనే లెక్క తెలిసిన ఇల్లాలికి కొలవడం రాదని ఎవరనగలరు? ‘పచ్చివాసన పోయేదాకా’, ‘నూనె తేలేదాకా’, ‘చారు ఒక్క పొంగు రాగానే’ అన్న మాటలు నిమిషాల లెక్క కంటే నమ్మదగినవి. గిన్నె మందం, మంట, ఊరు మారినా అవి మారవు. హ్యూస్టన్‌లో కరెంటు పొయ్యి ముందు నిలబడ్డ కుర్రవాడికి ‘పది నిమిషాలు’ అన్న సూచన మోసం చేయవచ్చు. ‘నూనె తేలేదాకా’ అన్నది చేయదు. నిజంగా కొలత చెప్పవలసిన చోట కూడా ‘తగినంత’ అని తప్పుకునే పుస్తకాలు ఉన్నాయి, వాటిని తప్పుపట్టాల్సిందే. కాని ఆ తప్పు పట్టాలంటే ముందు ఆ పుస్తకాన్ని చదవాలి. తెలుగు విమర్శ ఆ పని కూడా చేయలేదు.

వంట గురించి రాయడం సాహిత్యానికి తక్కువన్న భావం పాత కవులకు లేదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ ఋతువులో ఏమి వడ్డించేవారో శ్రీకృష్ణదేవరాయలు విడివిడిగా వర్ణించాడు. వానాకాలానికి వరుగులు, వడియాలు. ఎండకాలానికి చారు, మజ్జిగ, లేత కొబ్బరినీళ్ళు. చలికాలానికి మిరియపుపొడి తగిలిన వేడి కూరలు. పండితులు ఆ పద్యాలకు తరతరాలుగా వ్యాఖ్యానాలు రాశారు. అదే పరిశీలనను ఒక గృహిణి వచనంలో రాస్తే అది ‘వంటల పుస్తకం’ అయిపోయి దుకాణంలో పంచాంగాల పక్కకు చేరుతుంది. మాలతీ చందూర్ ‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, ఆ నవల గురించి చర్చలు జరుగుతాయి. అదే చేతితో ఆమె రాసిన ‘వంటలు – పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొంది, కొత్త కాపురాల్లోకి, విదేశాలకు వెళ్ళే పెట్టెల్లోకి చేరింది. ఆ పుస్తకంలోని వాక్యం ఎలాంటిది, అది ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతుంది, ఏ వంటింటిని తెలుగు వంటిల్లుగా ఊహిస్తుంది అని అడిగినవారు అరుదు.

ఈ పని జరిగితే ఎలా ఉంటుందో అమెరికాలోని తెలుగువారికి చేరువలోనే ఒక ఉదాహరణ ఉంది. ఎడ్నా లూయిస్ 1976లో ‘ద టేస్ట్ ఆఫ్ కంట్రీ కుకింగ్’ ప్రచురించింది. ఆమె పుట్టిన ఫ్రీటౌన్ వర్జీనియాలోని చిన్న పల్లె. బానిసత్వం నుంచి విడుదలైనవారు దాన్ని నెలకొల్పారు, వారిలో ఆమె తాత ఒకడు. పుస్తకం ఋతువుల వారీగా సాగుతుంది. కేకు ఉడికిందో లేదో చెవి పెట్టి విని తెలుసుకోవడం వంటి సంగతులను ఆమె ఏ మహిమా అంటగట్టకుండా, నేర్చుకోదగిన పనులుగా చెప్పింది. పల్లె జ్ఞాపకానికీ, వండే పద్ధతికీ మధ్య అక్కడ గోడ లేదు. జ్ఞాపకాన్ని ఉంచుకుని వంటను కోసేస్తే ఆ పుస్తకంలో మిగిలేది నిట్టూర్పు మాత్రమే. అమెరికా పాఠకులు దాన్ని తమ దేశపు ముఖ్య గ్రంథాలలో ఒకటిగా లెక్కిస్తున్నారు.

మహిమ అన్న మాట దాచే మరో సంగతి ఇంతకంటే బరువైనది. అమ్మ చేతి ముద్దను తలచుకునే వ్యాసాలలో అమ్మ ఏం తిన్నదో ఉండదు. అందరికీ వడ్డించాక, గిన్నె అడుగున మిగిలినదానితో, ఒక్కోసారి మజ్జిగ మెతుకులతో ఆమె భోజనం ముగిసేది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో అది 25 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అందరికంటే చివర తినడం ఒక్కటే కాదు. అయినా ఆ అంకెల పక్కన ‘వడ్డించడంలోనే ఆమె కడుపు నిండేది’ వంటి వాక్యాన్ని పెట్టి చదివితే అందులోని అబద్ధం బయటపడుతుంది. ఎవరి కడుపూ వడ్డించడంతో నిండదు.

‘తెలుగు వంట’ అన్న పేరు కింద ఎవరి పొయ్యి ఉందన్నది కూడా అడగవలసిందే. నెయ్యి, ముద్దపప్పు, దప్పళం జ్ఞాపకాలైనంత సులువుగా జొన్నగడక, రాగిసంగటి, ఎండుచేపల పులుసు, బోటికూర జ్ఞాపకాలు కాలేదు. మరాఠీలో శాహూ పాటోళే 2015లో దళితుల వంటల గురించి రాసిన పుస్తకానికి ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ అని పేరు పెట్టాడు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న నానుడిని ఒక్క అక్షరంతో తిరగేశాడు. నూనె కొనలేని ఇంట్లో కూర ఎలా వండారో చెప్పే పద్ధతి చరిత్ర పుస్తకంలో దొరకదు. వండినవారు చెబితేనే దొరుకుతుంది, అదీ వారు ఉన్నంతవరకే.

వంట పద్ధతి సాహిత్యం కాదు, సూచనల పట్టిక అని ఇంకా ఎవరైనా అనవచ్చు. అచ్చులో చూస్తే అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ‘వేయవలెను, దించవలెను’ అని సంపాదకులు దాన్ని అలా మార్చారు. ఫోనులో తల్లి చెప్పేది వేరు: “ఇప్పుడు మంట తగ్గించు. తగ్గించావా? మూత తియ్యకు, నీకు తొందరెక్కువ.” అక్కడ చెప్పేవారు, వినేవారు, వారి మధ్య దూరం, ఇద్దరూ ఎరిగిన స్వభావం అన్నీ ఉన్నాయి. కథకు ఇంతకంటే ఏం కావాలి?

కనుక అమ్మ వంట గురించి రాయదలచినవారు ముందు ఆమె దగ్గర కూర్చుని పద్ధతి అడగాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, ఒకసారి వండి, తప్పులు ఆమెతోనే దిద్దించుకోవాలి. పద్ధతి పైన ఆమె పేరు పెట్టాలి. ‘అమ్మ’ అని కాదు, ఆమె సొంత పేరు. అది చదివి పరాయి ఊళ్ళో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆ పచ్చడి చేసుకుని తింటే, అదే రుచి వస్తే, ఆ చేతిలో ఉన్నది విద్య అని రుజువవుతుంది.