పగులు కనపడలేదంటే లేదని కాదు!

చెన్నై తరమణిలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్‌లో ఉక్కు జాయింట్లను యంత్రాలకు బిగించి, పగులు పట్టేదాకా లక్షలసార్లు లాగుతారు, నొక్కుతారు. సముద్రంలో చమురు ప్లాట్‌ఫామ్‌లకు అలలు చేసేది అదే పని. ఆరు సెకన్లకో అల అనుకున్నా రోజుకు 14,400, ఏడాదికి 50 లక్షల పైమాటే. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు, గొట్టాలు కలిసే వెల్డింగు దగ్గర వెంట్రుకవాసి పగులు పుడుతుంది. మొదట నిదానంగా పాకుతుంది. ముదిరాక ఆగదు. ఫెటీగ్ అంటే ఇదే.

మరి తనిఖీ ఎప్పుడు? ఇన్నేళ్లకోసారి అని క్యాలెండర్ చూసి డైవర్లను దింపితే సరిపోతుందా? నీటి అడుగున గవ్వలు, పాచి గీకితే గానీ వెల్డింగే కనపడదు. గీకినా చిన్న పగులు కంటికి ఆనదు. అయస్కాంత పరీక్షకూ ఒక హద్దుంది. గొట్టంలోకి నీరు చేరిందా అని చూడటం తేలికే. కానీ నీరు చేరిందంటే పగులు ఇవతలి నుంచి అవతలికి దూరినట్టే! ఆ గొట్టం పోయినా పక్కవి బరువు మోస్తాయనుకున్న చోటే ఆ పద్ధతి పనికొస్తుంది.

అందుకే లెక్క జాయింటుకో తీరున ఉండాలి. పగులు పరీక్షకు దొరికే సైజు నుంచి విరిగే సైజుకు చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఆ గడువులో కనీసం రెండుసార్లయినా చూడాలి. 'ఏమీ దొరకలేదు' అన్న రిపోర్టు చూసి గడువు పెంచేముందు, ఏ పద్ధతిలో చూశారో అడగాలి.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ బోల్తా పడి 123 మంది చనిపోయారు. మూలం ఒక చిన్న పరికరాన్ని బిగించడానికి వేసిన 6 మిల్లీమీటర్ల వెల్డింగు. అక్కడి పగులులో పెయింటు కనిపించింది. అంటే సముద్రంలోకి రాకముందే పగిలింది. ముఖ్యం కాదనుకున్న చోటు కదా, ఎవరు పట్టించుకుంటారు?

మన తీరంలో రవ్వలో 1993లోనే చమురు తీయడం మొదలైంది. ఇలాంటి కట్టడాలకు సాధారణంగా వేసుకునే ఆయుష్షు పాతికేళ్లు. పాతబడిన ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ జాయింట్లవారీ తనిఖీ ప్రణాళికను చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ అడిగి తీసుకోవాలి. లెక్క కట్టడానికి తరమణి ఉంది, ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్ విభాగమూ ఉంది. పడవ అద్దెకు తీసుకున్నాక కాదు, అంతకుముందే ఆ లెక్క తేలాలి.