ఆ నల్లతెర మామూలు మనిషికే కావాలి

లినక్స్ డెస్క్‌టాప్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే బొమ్మలన్నీ పోయి నల్లతెర వస్తుంది. పైన ఓ మూల లాగిన్ అన్న మాట తప్ప ఇంకేమీ కనపడదు. మామూలు వాడకందారుకు ఇదెందుకు, పొరపాటున నొక్కి బెదిరిపోతున్నారు, తీసేస్తే పోలా అనే వాదన మళ్లీ వినపడుతోంది. అంటున్నది తెలియనివాళ్లు కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లే. ఈ వారం హైదరాబాద్ నాచారంలో జరిగింది చూశాక ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది.

నాచారంలో మా వదిన ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. వదిన కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. బాగా నడుస్తున్నదాన్ని పారేయడం ఇష్టంలేక ఉబుంటు వేయించుకుంది. మొన్న పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్కసారి మినుక్కుమని మళ్లీ పాస్‌వర్డే అడగడం మొదలుపెట్టింది. ఉప్పల్‌లో ఒక రిపేరు షాపుకు మోసుకెళ్తే అక్కడి కుర్రాడు చూసి, "మేడమ్, ఓఎస్ కరప్ట్ అయింది. ఫార్మాట్ కొట్టాలె, డేటా పోతది" అన్నాడట. ఆ డేటా ఏమిటంటే పిల్లల మార్కులు, ఫీజుల లెక్కలు, ఏళ్ల తరబడి ఆమె తయారుచేసుకున్న ప్రశ్నపత్రాలు.

ఇంటికి తెప్పించి ఎఫ్3 నొక్కాను. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్కడ చుక్క కూడా పడదు. "ఎక్కట్లేదు చూడు" అని వదిన కంగారుపడింది. ఎక్కుతూనే ఉంది. డీఎఫ్ అనే రెండక్షరాల కమాండ్ కొట్టగానే సంగతి తేలింది: డిస్కు నూటికి నూరు శాతం నిండిపోయింది. లోపలికి వచ్చేటప్పుడు డెస్క్‌టాప్ కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. రాసుకునే జాగా లేక గడపలోంచే వెనక్కి తోస్తోంది. పాత క్లాసుల వీడియోలు ఎప్పుడో డిలీట్ చేశానంది వదిన. చేసిన మాట నిజమే, అవి చెత్తబుట్టలోకి వెళ్లి అక్కడే జాగా పట్టుకుని ఉన్నాయి. ఆ నల్లతెరలోంచే బుట్ట ఖాళీ చేసి, ఎఫ్1 నొక్కి వెనక్కి వచ్చి లాగిన్ అయితే అన్నీ ఉన్నాయి. ఒక్క ఫైలు పోలేదు.

నిపుణుడికి ఈ తెర లేకపోయినా గడుస్తుంది. ఇంకో లాప్‌టాప్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వస్తాడు, లేదా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తాడు. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరైతే ఇవేవీ కుదరవు. రికవరీ మోడ్ ఉందిగా అంటారు. ఉబుంటు ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో దాన్ని ఎంచుకునే మెనూ మామూలుగా కనపడనే కనపడదు. బూటయ్యే ఆ కాస్త వ్యవధిలోనే మీట నొక్కాలి. పాత బయాస్ అయితే షిఫ్ట్, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్. తన కంప్యూటర్‌లో ఉన్నది ఏదో మా వదినకెలా తెలుస్తుంది?

ఆ కోడ్ పాతబడింది, చూసుకునేవాళ్లు లేరన్నది ఇంకో వాదన. 2020లో ఇదే కారణంతో లినక్స్ కెర్నల్ 5.9లో కోత పెట్టారు. అప్పటిదాకా షిఫ్ట్, పేజ్‌అప్ నొక్కితే పైకి వెళ్లిపోయిన వరుసలు మళ్లీ చూసుకునే వీలుండేది, ఇప్పుడది లేదు. లినక్స్ మీద కోట్లకు కోట్లు గడిస్తున్న కంపెనీలు ఇన్ని ఉండగా ఒక మనిషికి జీతమిచ్చి ఆ కోడ్ చూసుకోమనలేరా? చూసేవాళ్లు లేరని ఇవాళ కాస్త, రేపు కాస్త తీసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఫార్మాటే.

నా అసలు కడుపుమంట వేరే ఉంది. వదిన ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకుంటుంది. నల్లతెరలో అవన్నీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు. ఏ ఫైలు ఏదో తారీఖులు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. ఈ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 బొమ్మలే పడతాయి. మన హల్లులకు గుణింతాలు వేస్తేనే ఆ లెక్క దాటిపోతుంది, ఒత్తుల సంగతి సరేసరి. పైగా అక్షరాలను గళ్లలో పెట్టడమే దానికి తెలుసు. స్త్రీ అని రాయడానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు కావాలి, వాటిని కలిపి ఒక అక్షరంగా గీయడం దానికి రాదు. కెర్నల్ బయట నడిచే కేఎంఎస్‌కాన్ లాంటి కన్సోల్ డెస్క్‌టాప్ వాడే పాంగో అనే లైబ్రరీతోనే అక్షరాలు గీయగలదు. గళ్ల లెక్క అందులోనూ పోలేదు కానీ దారి మాత్రం అదే. తీసేయడానికి పెట్టే శ్రద్ధ అటు పెట్టమంటున్నాను. తెలుగు డెస్క్‌టాప్ కోసం స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు ఈ హైదరాబాద్‌లోనే ఏళ్లుగా కష్టపడ్డారు. మెనూలు తెలుగులోకి వచ్చాయి. కంప్యూటర్ మొరాయించిన రోజున మాత్రం తెలుగు ఉండదు, ఎక్కువ అవసరమయ్యేది ఆ రోజే.

ఆ షాపు కుర్రాడి మీద నాకు కోపం లేదు. తనూ బీటెకేనని వదినతో చెప్పాడట. నాచారం పక్కనే కుషాయిగూడలో 1967 నుంచి ఈసీఐఎల్ ఉంది. బొమ్మల తెరలు లేని రోజుల్లోనే టీడీసీ-12 కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ అది. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ వైపు వెళ్తే దారి పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల బస్సులే. ఇన్ని చదువుల నడుమ డీఎఫ్ కొట్టి చూడటం తెలియకపోవడం ఆ అబ్బాయి ఒక్కడి తప్పా? లినక్స్ ల్యాబంటే కమాండ్లు, వాటి అవుట్‌పుట్ రికార్డులోకి ఎక్కించడం, సంతకం పెట్టించుకోవడం. సీనియర్ రికార్డు చూసి ఎక్కించినవాడి అవుట్‌పుట్‌లో సీనియర్ తారీఖే ఉంటుంది, దాని కిందా సంతకం పడుతుంది. తర్వాత అదే సబ్జెక్టుకు అమీర్‌పేటలో కోచింగ్‌కు మళ్లీ ఫీజు కట్టాలి. ఆ రికార్డుకిచ్చే మార్కులు ఎత్తేయండి. ల్యాబ్ పరీక్ష రోజున డిస్కు నిండి లాగిన్ కాని కంప్యూటర్‌ను ఒక్కొక్కరి ముందు పెట్టి అరగంట టైమివ్వండి. ఫార్మాట్ చేయకుండా తెరిచినవాళ్లకే మార్కులు వేయండి.